లేచి దారి ఇచ్చే వంతెన

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో నేను తీసిన ఫొటో ఒకటి వేశారు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ ఊళ్ళో, సుపీరియర్ సరస్సు నుంచి రేవులోకి వెళ్ళే కాలవ మీద ఉన్న వంతెన అది. రోడ్డుకు రోడ్డే పైకి లేచి ఉంది, కింద నుంచి ఓడ వెళ్తోంది. ఫొటో కింద రెండు వాక్యాలు మాత్రమే రాశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. నేను ముప్ఫై నాలుగేళ్ళు రైల్వేలో వంతెనల పని చూసి రిటైరైన మనిషిని. మా అమ్మాయి వాళ్ళు ఆ ఊళ్ళో ఉంటారు. పోయిన వేసవిలో నేనూ మా ఆవిడా నాలుగు నెలలు అక్కడ ఉన్నాం. ఆ నాలుగు నెలల్లో నేను వంతెన దగ్గరికి వెళ్ళని రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి దీని గురించే రాస్తున్నాను.

*

ప్రశ్న: ఫొటోలో రెండు పక్కలా పెద్ద ఇనప టవర్లు ఉన్నాయి. వాటి నెత్తి మీద అడ్డంగా ఇంకో వంతెన లాంటిది కనపడుతోంది. దాని మీద రోడ్డు లేదు, మనుషులూ లేరు. మరి అది ఎందుకు? అసలు ఈ వంతెన ఎప్పటిది, ఎవరు కట్టారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముడి ఎక్కడుందో సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. పైనున్న ఆ ఖాళీ గర్డరు, అంటే ఉక్కు దూలం, సంగతి చెబితే మొత్తం కథ చెప్పినట్టే. కాస్త వెనక్కి వెళ్ళాలి.

సుపీరియర్‌ని సరస్సు అనడమే గానీ చూస్తే సముద్రమే. అవతలి ఒడ్డు కనపడదు. విస్తీర్ణం 82,100 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఆంధ్రప్రదేశ్‌లో సగం. దానికి పడమటి కొసన డులూత్ ఉంది. ఊరి ముందు సరస్సులోకి సన్నటి ఇసుక పట్టీ ఒకటి పదకొండు కిలోమీటర్ల పొడవున సాగి ఉంటుంది. పట్టీకి ఒక పక్క పెద్ద సరస్సు, రెండో పక్క అలలు లేని రేవు. చిక్కేమిటంటే, రేవులోకి వెళ్ళడానికి ప్రకృతి ఇచ్చిన దారి డులూత్ దగ్గర లేదు. పట్టీ అవతలి కొసన, పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లోని సుపీరియర్ అనే ఊరి దగ్గర ఉంది. ఓడలన్నీ అటే పోతాయి, వ్యాపారం కూడా వాటి వెంటే పోతుంది. అందుకని 1870లో డులూత్ వాళ్ళు తమ ఊరి దగ్గరే ఇసుక పట్టీకి అడ్డంగా కాలవ తవ్వడం మొదలుపెట్టారు. 1871 వసంతంలో నీళ్ళు కలిశాయి. పక్క ఊరి వాళ్ళు కోర్టుకెళ్ళి స్టే తెచ్చేలోపు జనమంతా పారలు పట్టుకుని రాత్రికి రాత్రి తవ్వేశారని అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. వినడానికి బాగుంటుంది గానీ, చరిత్ర రాసినవాళ్ళు దాన్ని ఒప్పుకోరు. తవ్వింది ఆవిరి డ్రెడ్జరు.

కాలవ వచ్చింది, ఓడలు వచ్చాయి. ఆ ఇసుక పట్టీ మీద ఇళ్ళు కట్టుకుని ఉన్న జనం మాత్రం తెల్లారేసరికి లంక వాళ్ళయిపోయారు. మన కోనసీమ లంకల వాళ్ళకి ఆ బాధ ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. పాలు కావాలన్నా పడవే, డాక్టరు కావాలన్నా పడవే. చలికాలంలో నీరు గడ్డకడితే మంచు మీద నడిచి వచ్చేవాళ్ళు. మంచు గట్టిపడేటప్పుడూ కరిగేటప్పుడూ పడవా నడవదు, కాళ్ళూ నడవవు. అలా దాదాపు ముప్ఫై ఏళ్ళు వాళ్ళు వంతెన కోసం అడుగుతూనే ఉన్నారు.

1892లో నగరం వంతెన డిజైన్ల కోసం పోటీ పెట్టింది. అందులో గెలిచినాయన జాన్ అలెగ్జాండర్ లో వాడెల్. కెనడాలో పుట్టిన ఇంజినీరు, అంతకుముందు జపాన్‌లో పాఠాలు చెప్పి వచ్చినవాడు. రోడ్డునంతా లిఫ్టులా నిటారుగా పైకి లేపేద్దామన్నది ఆయన ఆలోచన. అంత పెద్దది అప్పటికి ఎవరూ కట్టి ఉండలేదు. అక్కడ ఓడలు తిరిగే నీటి మీద ఏం కట్టాలన్నా సైనిక శాఖ అనుమతి కావాలి. ఆ శాఖ అభ్యంతరం చెప్పింది, డిజైను మూలపడింది. ఆయన మాత్రం దాన్ని వదల్లేదు. అదే ఆలోచనని షికాగో తీసుకెళ్ళి సౌత్ హాల్‌స్టెడ్ వీధి దగ్గర నది మీద 1894లో కట్టి చూపించాడు. ఈ కాలపు లిఫ్ట్ వంతెనలకి అదే పెద్ద తల్లి.

డులూత్‌లో సమస్య ఎక్కడిదక్కడే ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఫ్రాన్సులో రువాఁ నగరంలో ఒక వింత వంతెన కట్టారు. ఓడలు వెళ్ళేంత ఎత్తున అడ్డంగా ఒక దూలం, దాని నుంచి కిందికి వేలాడే ఒక బండి. బండి ఈ ఒడ్డున జనాన్ని ఎక్కించుకుని గాల్లో తేలుతూ ఆ ఒడ్డుకి పోతుంది. డులూత్ నగర ఇంజినీరు థామస్ మెక్‌గిల్‌వ్రే ఆ పద్ధతి ఎంచుకున్నాడు. ఫ్రాన్సులో బండిని తీగలకి వేలాడదీస్తే, ఇక్కడ గాలికి ఊగకుండా గట్టి ఉక్కు చట్రానికి బిగించారు. 1905లో అది నడిచింది. నేనైతే దాన్ని ‘గాల్లో బల్లకట్టు’ అంటాను. కృష్ణ మీద బల్లకట్టు ఎక్కినవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. 60 టన్నుల బరువు మోసేది, గుర్రబ్బళ్ళతో సహా జనం నిలబడి దాటేవాళ్ళు. అమెరికాలో అలాంటిది అదే మొదటిది.

మీరు ఫొటోలో చూసిన పై గర్డరు ఆ బల్లకట్టు వేలాడిన గర్డరేనమ్మా.

తర్వాత కార్లు వచ్చాయి. పట్టీ మీద ఇళ్ళు పెరిగాయి, ఎండాకాలం షికార్లు పెరిగాయి. బల్లకట్టు దగ్గర క్యూలు కట్టడంతో అది చాలదని తేలిపోయింది. 1929లో మళ్ళీ పని మొదలుపెట్టారు. ఈసారి వాళ్ళు చేసింది చూస్తే, వంతెనల మీద బతికినవాడిగా నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఉన్నదాన్ని పీకి పారెయ్యలేదు. 1905 నాటి టవర్లని అలాగే ఉంచారు, పై గర్డరుని ఇంకా పైకి జరిపారు, లోపల కొత్త టవర్లు నిలబెట్టి మధ్యలో పైకి లేచే రోడ్డు బిగించారు. డిజైను చేసిన సంస్థ ఎవరిదనుకున్నారు? వాడెల్ కంపెనీకి వారసులైనవాళ్ళది. కాదని పక్కన పెట్టిన ఆలోచనే 38 ఏళ్ళకి అదే కాలవ మీదికి నడిచొచ్చింది. 1930 మార్చి 29న మొదటిసారి ఓడ కోసం ఆ రోడ్డు లేచింది. ఇవాళ్టికీ లేస్తూనే ఉంది, ఏడాదికి సుమారు 5,000 సార్లు.

*

ప్రశ్న: అంత పెద్ద ఉక్కు రోడ్డుని పైకి ఎత్తాలంటే ఎంత పెద్ద మోటార్లు కావాలి? మధ్యలో కరెంటు పోతే కింద పడిపోదా?
– పాలిటెక్నిక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: బాబూ, మీ అమ్మమ్మగారి ఊళ్ళో గిలక బావి ఉంటే ఒకసారి దాని దగ్గరికి వెళ్ళు. తాడుకి ఒక కొసన నిండు బిందె కట్టు. రెండో కొసన అంతే బరువున్న రాయి కట్టు. ఇప్పుడు బిందెని ఒక్క వేలితో పైకి నెట్టొచ్చు. నువ్వు బరువు ఎత్తడం లేదు కదా, గిలకలో రాపిడిని గెలుస్తున్నావంతే. డులూత్ వంతెన చేసేది కూడా ఇదే.

పైకి లేచే రోడ్డు పొడవు 386 అడుగులు, బరువు దాదాపు 900 టన్నులు. ఒక్కో టవర్లో 450 టన్నుల కాంక్రీటు దిమ్మె ఒకటి వేలాడుతుంది. ఉక్కు తాళ్ళు రోడ్డు కొసల నుంచి బయల్దేరి, టవరు మీది పెద్ద గిలకల మీదుగా వెళ్ళి, అవతల దిమ్మెకి తగులుకుంటాయి. రోడ్డు లేస్తుంటే దిమ్మెలు దిగుతాయి. నేను మొదటి రోజు రోడ్డుని చూడలేదు, దిమ్మెనే చూస్తూ నిలబడ్డాను. ఒక ఇల్లంత కాంక్రీటు ముద్ద చప్పుడు లేకుండా కిందికి దిగుతుంటే ఒళ్ళు జలదరించింది.

కరెంటు పోతే కింద పడదు. రెండు పక్కలా బరువు సమానం కాబట్టి ఎక్కడిదక్కడ బ్రేకు పట్టి ఆపొచ్చు. అసలు టెన్షన్ కరెంటుతో కాదు. నువ్వు రేపు ఈ పనిలోకే వస్తే పనికొస్తాయి కాబట్టి రెండు సంగతులు చెబుతాను. మొదటిది, రోడ్డు రెండు కొసలూ సమానంగా లేవాలి. ఒక కొస కాస్త ముందు లేచిందంటే రోడ్డు ఓరగా తిరిగి టవర్ల మధ్య బిగుసుకుంటుంది. రెండోది తూకం. ఇలాంటి వంతెనకి కొత్త పెయింటు వేసినా, రెయిలింగు మార్చినా బరువు మారుతుంది. మారిన బరువుకి తగ్గట్టు దిమ్మె వైపు కూడా సరిచెయ్యాలి. మా రైలు వంతెనల్లో పెయింటు ఎంత మందం అని చూసేవాళ్ళం గానీ ఎంత బరువు అని ఏనాడూ అనుకోలేదు. లిఫ్ట్ వంతెన దగ్గర పనిచేసేవాడు కిరాణా కొట్టు తక్కెడ ముందు కూర్చున్నట్టు ఉండాలి.

ఇంకొకటి. దాని మీద తారు ఉండదు, కాంక్రీటూ ఉండదు. ఉక్కు జల్లెడ పరిచారు. బరువు తగ్గుతుంది, మంచు నిలవకుండా కిందికి రాలిపోతుంది. కారు దాని మీదికి ఎక్కగానే టైర్ల కింద నుంచి తుమ్మెద ఝంకారంలా ఒక మోత మొదలవుతుంది, దిగేదాకా ఆగదు. కిందికి చూస్తే జల్లెడ కన్నాల్లోంచి నీళ్ళు కనపడతాయి. మా ఆవిడ మొదటిసారి కళ్ళు మూసుకుంది.

*

ప్రశ్న: ఒక్క ఓడ కోసం రోడ్డు మీది జనాన్నంతా ఆపేస్తారా? మన దగ్గర రైల్వే గేటు పడితేనే ఊరుకోరు. అక్కడి వాళ్ళు ఎలా ఓర్చుకుంటున్నారు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆపేస్తారండీ. షికారు పడవలైతే గంటకీ అరగంటకీ పెట్టిన వేళల్లో వదులుతారు. సరుకు ఓడ వస్తే మాత్రం వేళాపాళా లేదు, అది వచ్చినప్పుడు వంతెన లేవాల్సిందే. ఇసుక పట్టీ మీద ఉండేవాళ్ళు ఆఫీసుకి ఆలస్యమైతే ‘బ్రిడ్జ్‌డ్’ అంటారు. అంటే వంతెన దగ్గర ఇరుక్కుపోయామని. ఆ ఒక్క మాట చాలట, ఇంకో సంజాయిషీ అడగరట.

ఓడకే ముందు దారి ఎందుకో, అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది. ఒకరోజు సాయంత్రం మా మనవడితో కాలవ గట్టు మీద ఉన్నాను. ముందు సరస్సు మీద చిన్న గీతలా కనపడింది. అరగంటకి ఆ గీత గోడైంది. ఇనప ఖనిజం ఎక్కించుకోవడానికి వస్తున్న వెయ్యి అడుగుల ఓడ. ఒక ఎరువుల గోడౌను, దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి వరసగా కదిలొస్తున్నట్టు ఉంది. ఓడ వెడల్పు 105 అడుగులు, కాలవ వెడల్పు 300. గట్టు మీద మనం నిలబడితే, ఓడ మీద పనివాడి చేతి గ్లవ్సు రంగు చెప్పొచ్చు. వంతెన దగ్గర గంటలు మోగాయి, గేట్లు పడ్డాయి, కార్లు ఆగాయి. ఓడ హారన్ కొట్టింది, ఆ మోత చెవుల్లో కాదు, ఛాతీలో వినపడింది. వంతెన అదే వరసలో హారన్ తిరిగి కొట్టింది. పలకరిస్తే బదులు పలికినట్టు. మా వాడు చెవులు మూసుకుని నవ్వుతున్నాడు. ఆగిన కార్లలోంచి జనం దిగి ఫోన్లు పట్టుకున్నారు. ఎవరూ హారన్ కొట్టలేదు.

అంత ఓడకి బ్రేకు వేస్తే ఆగడమంటూ ఉండదు. కాలవ మొహానికి గురి చూసుకుని వచ్చాక వెనక్కి తగ్గే దారి లేదు. ఆ గురి తప్పితే ఏమవుతుందో ఈ ఊరు కళ్ళారా చూసింది. 1905 నవంబరు 28న, అంటే గాల్లో బల్లకట్టు మొదలైన ఏడాదే, పెద్ద తుపాను వచ్చింది. మటాఫా అనే ఓడ సరస్సులో నిలవలేక కాలవలోకి వచ్చేద్దామని ప్రయత్నించింది. అలలు దాన్ని విసిరి గట్టు కొసకి కొట్టాయి. అటూ ఇటూ తిప్పి, ఒడ్డుకి కూతవేటు దూరంలో నేలకి దిగేసి, రెండు ముక్కలు చేశాయి. ఓడలో 24 మంది. ఊరి జనం వేలల్లో ఒడ్డుకి చేరారు. ఎదురుగా మనుషులు కనపడుతున్నారు, కానీ పడవ వెయ్యడానికి లేదు. ఓడలో వాళ్ళకి ధైర్యంగా ఉంటుందని రాత్రంతా ఒడ్డున మంటలు వేసి కూర్చున్నారు. తెల్లారి పడవ చేరేసరికి వెనక భాగంలో ఉన్న తొమ్మిది మంది చలికి చనిపోయి ఉన్నారు. ముందు భాగంలో ఉన్న 15 మంది బతికారు.

ఈ సంగతి కాలవ పక్కనే ఉన్న ఓడల మ్యూజియంలో తెలుసుకున్నాను. ఆ రోజు బయటికొచ్చి గట్టు కొసదాకా నడిచి, కాసేపు అక్కడే నిలబడిపోయాను. మీరు అడిగిన ఓర్పు అక్కడి వాళ్ళకి ఎక్కడినుంచి వచ్చిందో నాకైతే ఆ నీళ్ళని చూశాక అర్థమైంది.

*

ప్రశ్న: మా అమ్మాయి మిషిగన్ టెక్‌లో ఎమ్మెస్ చేస్తోంది. వాళ్ళ ఊరు హోటన్‌లో కూడా సరస్సు మీద పైకి లేచే వంతెన ఉందని, రోజూ దాని మీదుగానే సరుకులకి వెళ్తానని చెప్పింది. అదీ ఇదీ ఒకటేనా?
– ఒక తండ్రి, నల్గొండ

జవాబు: ఒకటి కాదండీ, కానీ ఒకే కుటుంబం. మీ అమ్మాయి చూసేది పోర్టేజ్ లేక్ లిఫ్ట్ వంతెన. అదీ సుపీరియర్ సరస్సు ఒడ్డు ప్రాంతమే, డులూత్ నుంచి కారులో నాలుగు గంటల పైన పడుతుంది. హోటన్‌కీ ఎదురుగా ఉన్న హాంకాక్‌కీ మధ్య పోర్టేజ్ అనే సరస్సు ఉంది. మా అల్లుడు ఒక ఆదివారం తీసుకెళ్ళాడు.

ఆ ఊళ్ళు పుట్టిందే రాగి కోసం. శుద్ధి చెయ్యక్కర్లేకుండా రాగి రాగిగానే భూమిలో దొరికిన చోటు అది. హాంకాక్ గుట్ట మీద క్విన్సీ గని 1846లో మొదలై దాదాపు వందేళ్ళు నడిచింది. మీ అమ్మాయి చదివే యూనివర్సిటీ కూడా 1885లో గనుల స్కూలుగానే మొదలైంది. గనులంటే రైళ్ళు, ఓడలు రెండూ కావాలి. కాబట్టి ఆ సరస్సు మీద 1870ల్లోనే చెక్క వంతెన వేశారు. తర్వాత ఉక్కుది వచ్చింది. రెండూ పైకి లేచేవి కావు. మధ్య స్తంభం మీద పక్కకి తిరిగే రకం, తిరగలి రాయి కీలు మీద తిరిగినట్టు. ఓడల దారికి నట్టనడుమ స్తంభం ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తగలక మానదు. 1905లో ఒక స్టీమరు తగిలింది కూడా.

ఇప్పుడున్నది 1959లో వచ్చింది. రెండంతస్తులది. పైన కార్లు, కింద రైలు. దీనిలో ఒక తెలివి నాకు భలే నచ్చింది. రోడ్డుని పూర్తిగా పైకి లేపనక్కర్లేదు, సగం లేపి ఆపొచ్చు. అప్పుడు కింది అంతస్తు, అంటే రైలు తిరిగే అంతస్తు, సరిగ్గా ఒడ్డున ఉన్న రోడ్డు ఎత్తుకి వస్తుంది. కార్లు దాని మీదుగా పోతుంటాయి. కింద చిన్న పడవలు పోతుంటాయి. ఎవరూ ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. పెద్ద ఓడ వస్తేనే పూర్తిగా, నీటికి 100 అడుగుల ఎత్తున లేస్తుంది. గనులు మూతపడ్డాయి, 1982 తర్వాత అక్కడికి రైలు రావడం లేదు. ఇప్పుడు చలికాలంలో కింది అంతస్తు మీద మంచు బళ్ళు, అదే స్నోమొబైళ్ళు, నడుస్తాయి. రైలు వంతెన మీద రైలు ఆగిపోవడం నాకు కష్టంగానే ఉంటుంది. దానికి ఇంకో పని దొరికిందంటే మాత్రం సంతోషం.

ఐల్ రాయల్ అనే దీవిలో ఉన్న నేషనల్ పార్కుకి హోటన్ నుంచి రేంజర్ త్రీ అనే ఓడ వెళ్తుంది. అది బయల్దేరేటప్పుడు వంతెన లేవడం చూడమని మీ అమ్మాయికి చెప్పండి. ఎండాకాలంలోనే.

*

ప్రశ్న: మన గోదావరి మీద ఇలాంటిది ఒక్కటీ ఎందుకు లేదు? మన దేశంలో అసలు ఉన్నాయా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: మన గోదావరికి ఆ అవసరం రాలేదండీ. సముద్రపు ఓడలు రాజమండ్రి దాకా రావు. లాంచీలు, పడవలు గర్డర్ల కిందనుంచే పోతాయి. నీటికి దారి ఇవ్వడమన్నది మన వాళ్ళకి కొత్తేం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలవల మీద లాకులు చూడండి. పడవ లోపలికి రాగానే తలుపులు మూసి, నీటిమట్టం మార్చి, అవతలికి వదిలేవాళ్ళు. ఎత్తేది రోడ్డుని కాదు, నీటిని. అంతే తేడా.

పైకి తెరుచుకునే వంతెన చూడాలంటే రామేశ్వరం వెళ్ళాలి. పాత పాంబన్ రైలు వంతెన 1914 నాటిది. దాని మధ్య భాగం మన ఏతం లాంటిది. ఏతం మాను ఒక కొస దిగితే రెండో కొస లేస్తుంది చూడండి, అలా రెండు రెక్కలు వెనక్కి దొర్లి ఆకాశానికి లేచేవి. మనుషులే చేత్తో తిప్పి తెరిచేవాళ్ళు. 1964 డిసెంబరు తుపానులో వంతెన చాలాభాగం కొట్టుకుపోయినా ఆ రెక్కలు నిలబడ్డాయి. ఇప్పుడు దాని పక్కనే కొత్తది కట్టారు. 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైంది. ఇది ఏతం రకం కాదు, డులూత్ లాగా గిలక రకం. 72.5 మీటర్ల ముక్క నిటారుగా పైకి లేస్తుంది.

రాజమండ్రి నుంచి రాశారు కాబట్టి ఒక మాట. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో హేవలాక్ వంతెన మీద రివిట్ల పరీక్షకి పంపారు. రివిట్లంటే ఉక్కు పలకల్ని కలిపి బిగించే మేకులు. సుత్తితో ఒక్కో రివిట్టు తలా తట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది పగిలిన కుండలా పలుకుతుంది. కింద గోదావరి, పైన ఎండ. సాయంత్రానికి చెవుల్లో అదే చప్పుడు. 1997లో దాని మీద రైళ్ళు ఆపేశారు. ఇప్పటికీ అలా నిలబడే ఉంది. డులూత్‌లో 1905 నాటి ఉక్కు మీద చెయ్యి వేసినప్పుడు నాకు హేవలాకే గుర్తొచ్చింది. ఆ ఊరి వాళ్ళు పాతదాన్ని కొత్తదానిలో కలిపి నిలుపుకున్నారు. హేవలాక్‌ని కూడా జనం నడిచే దారిగానైనా తెరిస్తే బాగుండునని నా కోరిక. తెరిచిన రోజు మొదటి అడుగు వెయ్యడానికి కర్ర పట్టుకునైనా వస్తాను.

*

ప్రశ్న: వచ్చే నెల మా వాళ్ళ దగ్గరికి మినియాపొలిస్ వెళ్తున్నాం. డులూత్ వెళ్ళి ఈ వంతెన చూడాలంటే ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ నిలబడాలి?
– దంపతులు, నెల్లూరు

జవాబు: తప్పకుండా వెళ్ళండి. కారులో రెండున్నర గంటలు. జనవరి మధ్య నుంచి మార్చి చివరి దాకా వెళ్తే ఓడలు ఉండవు. కింద సరస్సుల వైపు వెళ్ళే లాకులు ఆ రోజుల్లో మూసేస్తారు. మీరు వెళ్ళే నెలలో ఆ చిక్కు లేదు. కాలవ పక్కనే ఉన్న మ్యూజియంలో ఏ ఓడ ఏ వేళకి వస్తుందో బోర్డు ఉంటుంది. ముందు అది చూసుకోండి. ఎండాకాలమైనా స్వెటరు మర్చిపోవద్దు, సరస్సు మీది గాలి మన డిసెంబరు తెల్లవారుజాములా ఉంటుంది.

జనమంతా వంతెన కిందే గుమిగూడతారు. మీరు ఊరి వైపు గట్టు మీద, టవరుకి యాభై అడుగుల ఇవతల నిలబడండి. అక్కణ్ణుంచి రోడ్డు లేవడం, దిమ్మె దిగడం రెండూ ఒకే చూపులో కనపడతాయి. ఓడ దాటిపోయాక వెంటనే వచ్చెయ్యకండి. రోడ్డు తిరిగి దిగి గేట్లు లేచాక, మొదటి కారు జల్లెడ మీదికి ఎక్కుతుంది. ఆ మోత విని బయల్దేరండి.